పదకొండు బొట్లు

మా కేంద్రానికి వచ్చిన ప్రతి పెద్దమనిషీ టీ తాగుతూ ఒకటే అడుగుతాడు, ఇలాంటిది కట్టాలని మీకెలా తోచిందమ్మా అని. పిల్లలు ఫోన్లు వదిలి చేతులకు కాస్త మట్టి అంటించుకోవాలి కదండీ అంటాను. తలూపి వెళ్ళిపోతారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ మొదటి రోజు నుంచీ నన్ను నడిపించింది అది కాదు. నేను దీన్ని ఒక ముసలాయన మీద కసితో కట్టాను. ఆయన బతికుండగానే పూర్తవ్వాలని మూడేళ్ళు తిండీ నిద్రా మాని కట్టాను. ఆయనకేమైనా అయిపోతుందేమోనని నేను పడ్డ బెంగ ఆయన కన్నకొడుకు కూడా పడి ఉండడు.

బెంగాల్‌లో, లిలువా అనే చోట రైలు పట్టాలకు అవతల మూతపడిన ఇనుము పోత కార్ఖానా ఒకటి ఉండేది. ఆ షెడ్డే ఇప్పుడు మా కేంద్రం. లోపల పదకొండు యంత్రాలున్నాయి. పిల్లలు నేల మీద పెట్టిన చుక్కల్ని చూసి బియ్యప్పిండితో ముగ్గు వేసేది ఒకటి. బెంగాలీ పిల్లలు దాన్ని ఆల్పనా అంటారు, యంత్రానికి రెండూ వచ్చు. తల్లి ఒక పిడి, బిడ్డ ఒక పిడి పట్టుకుంటే తప్ప కదలని క్రేను ఒకటి. కాగితం మీద గీసిన బొమ్మను తడిమట్టిలో చెక్కేది ఇంకొకటి. చక్రాల మీద పెరట్లోకి పోయి, మొక్క మొదట్లో సూది గుచ్చి తడి ఎంతుందో చెప్పేది మరొకటి. పెరడంటే మహా గొప్పదేమీ కాదు, గుర్రపుడెక్క పీకించి బాగుచేసిన చెరువు, గట్టు మీద జనపమొక్కలు, కొంగలు, తూనీగలు, వానాకాలమంతా బురద. ముట్టుకోవద్దు అన్న బోర్డు మా దగ్గర ఎక్కడా లేదు. ఒక్కరే ఆడుకునే యంత్రం కూడా లేదు. ప్రతిదానికీ ఒక పెద్ద చెయ్యి, ఒక చిన్న చెయ్యి కావాలి.

మా నాన్న ఈ కార్ఖానాలోనే అచ్చుల పని చేసేవాడు. శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు ఊరి నుంచి పదహారేళ్ళకే వచ్చి చేరాడు. ఇసుకలో బంకమట్టి కలిపి, చెక్క నమూనా చుట్టూ కూరి, నమూనా తీసేస్తే మిగిలే గుంతే అచ్చు. దాన్ని బాగా ఆరబెట్టి, మూత బిగించి, కరిగిన ఇనుము పోస్తారు. ఆరిందా లేదా అన్నది నాన్న వేలు పెట్టి చెప్పేవాడు. ఆయన వేలు చెప్పాక ఇంక ఎవరూ మాట్లాడేవారు కాదు.

నాకు ఆరేళ్ళప్పుడు అమ్మా నేనూ ఊరి నుంచి వచ్చాం. కార్ఖానా గేటు ఏడాదంతా మాకు మూసే ఉండేది. విశ్వకర్మ పూజ రోజు మాత్రం తెరిచేవారు. లిలువాలో ఏ కార్ఖానాకైనా అదే ఆచారం. ఆ రోజు కొలిమి ఆర్పేస్తారు, పనిముట్లకు సెలవు, ఆకాశం నిండా గాలిపటాలు. పనివాళ్ళ పెళ్ళాం బిడ్డలు కొత్తబట్టలు కట్టుకుని లోపలికి వచ్చి, ఇదీ మా ఆయన మిషను, ఇదీ మా నాన్న మిషను అని తడిమి చూసుకుంటారు. మొదటి రెండేళ్ళూ ఏదో ఒక అడ్డం వచ్చి అమ్మ వెళ్ళలేకపోయింది. నాకు ఎనిమిదేళ్ళు నిండిన ఏడాది వెళ్ళింది.

మన వైపు దసరాకు పనిముట్లకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతాం. ఇక్కడ అదే పని బెంగాలీవాళ్ళ భాద్రమాసం చివర్లో చేస్తారని నాన్న చెప్పాడు. ఇంకేం, అమ్మ తెల్లారకముందే తలంటుకుని, పసుపు తడిపి ఇత్తడి గిన్నెలో పట్టుకొచ్చింది. నాన్న పార, జల్లెడ, తాపీ, దిమ్మిస అన్నిటికీ పసుపు రాసి బొట్టు పెట్టింది. ఊపు వచ్చేసింది. పక్కవాళ్ళ పనిముట్లకూ పెట్టింది. గోడ వారన కొత్తగా ఆకుపచ్చ రంగు వేసి ఉన్న మిషన్లకూ పెట్టింది. పెడుతున్నంతసేపూ నోట్లో ఏదో పాట. అమ్మ పాడగా వినడం నాకదే ఆఖరుసారి అని ఇప్పుడు అనిపిస్తుంది, నిజమో కాదో తెలియదు.

అప్పుడు సూపర్వైజరు వచ్చాడు. అందరూ బొడోబాబు, అంటే పెద్దబాబు అనేవారు. తెల్ల ధోవతి, తెల్ల జుబ్బా, పక్కన నుదుటి మీదా పాపిట్లోనూ సిందూరంతో ఆయన భార్య. యజమాని వచ్చే వేళకి కొత్త రంగు మీద ఈ మద్రాసీ పసుపేమిటని బెంగాలీలో అరిచాడు. వాళ్ళ పురోహితుడు పెట్టిన సిందూరం చుక్కలు కూడా ఆ రంగు మీదే ఉన్నాయి. వాటి జోలికి పోలేదు. అమ్మవైపు వేలు చూపించి "మూఛే ఫేలో" అన్నాడు.

అమ్మకు అప్పటికి బెంగాలీ ముక్క రాదు. నవ్వుమొహంతోనే నాకేసి తిరిగింది.

"ఏటంతన్నాడే ఆ బాబు? బాగున్నాయంతన్నాడా?"

నాకు బెంగాలీ బళ్ళో రెండేళ్ళకే భాష పట్టుబడిపోయింది. నాన్న మొహం తిప్పుకున్నాడు. చెప్పాల్సింది నేనే.

"బొట్లు తుడిసీమంతన్నాడమ్మా."

ముత్తయిదువను పట్టుకుని, పండగపూట, తన చేత్తో పెట్టిన బొట్టు తన చేత్తోనే తుడవమనడం ఏమిటో తెలియనివాడు కాదు. సిందూరం విలువ బెంగాలీ ఇంటికి ఒకరు చెప్పాలా. అమ్మ చెంగు చివర తడిపి, ఒక్కొక్కటే తుడిచింది. నాన్న తాపీతో మొదలుపెట్టి ఆకుపచ్చ మిషన్ల దాకా. కబుర్లు మానేసి అందరూ చూశారు. ఆ మనిషి మీద నాకున్న కోపంలో సగం అమ్మను తుడవమన్నందుకు, మిగతా సగం ఆ మాట నా నోటితో చెప్పించినందుకు.

నేను ఊరుకోలేదు. మూలన మర్నాటి పోత కోసం ఆరబెట్టిన అచ్చు ఒకటి తెరిచి ఉంది. గిన్నెలో మిగిలిన పసుపులో చెయ్యి మణికట్టు దాకా ముంచి, ఆ గుంతలో అయిదు వేళ్ళూ నొక్కిపెట్టాను. నడిమధ్య ఇంత కుంకుమ అద్దాను. ఇది తుడిపించు చూద్దాం అనుకున్నాను. మర్నాడు పొద్దున్న ఆ అచ్చులో ఇనుము పోయగానే లోపలి నుంచి ఎగదన్నింది. నాన్న ఎడమచెయ్యి కాలింది. చిటికెనవేలు, ఉంగరంవేలు అతుక్కుపోయి ఈనాటికీ విడిగా కదలవు.

ఆ తర్వాత బొడోబాబు ఇంకో హుకుం వేశాడు. తెలుగువాళ్ళ ఆడవాళ్ళూ పిల్లలూ పూజకు లోపలికి రాకూడదని. నాలుగేళ్ళు నేను గేటు బయట నిలబడి ప్రసాదం ఊచల సందుల్లోంచి అందుకున్నాను. అమ్మ అసలు గేటు దాకా కూడా రాలేదు. నాన్న చెయ్యి కాలింది కూడా ఆ మనిషి పాపం తగిలే అని నేను గట్టిగా నమ్మాను. అలా నమ్మడం హాయిగా ఉండేది.

డిప్లొమా చదివాను. చాలా ఏళ్ళు నగరంలో భవానీపూర్ వైపు పెద్ద పెద్ద బళ్ళలో పిల్లలకు రోబోలు చేయడం నేర్పాను. డబ్బాలో వచ్చిన ముక్కల్ని పుస్తకం చూసి బిగించడమే అక్కడ విద్య. తల్లిదండ్రులు గేటు బయట కారులో కూర్చునేవారు. ఇది కాదు అనుకునేదాన్ని. తండ్రి చేతిలో ఏముందో బిడ్డకు తెలియాలి, అమ్మ లోపలికి రావాలి. ఈ షెడ్డు లీజుకు దొరుకుతుందని తెలిసిన రోజున మాత్రం ఇవేవీ గుర్తురాలేదు. గేటు తాళం నా చేతికి వస్తుంది అన్న ఒక్కటే బుర్రలో తిరిగింది.

నాన్న మహా సంబరంగా వచ్చేశాడు. ఒక మూల ఇసుకబల్ల ఆయనది. పిల్లలు మైనం కరిగించి పోసుకునే చిన్న చిన్న అచ్చులు చేయిస్తాడు. చక్రాల యంత్రానికీ ఆయనకీ పోటీ పెట్టడం మా దగ్గర పెద్ద ఆట. యంత్రం సూది గుచ్చి, ఆలోచించి, తడి ఇంత అని వెలిగించేలోపు ఆయన గుప్పెడు మట్టి పిసికి, విరిచి, అంతా చెప్పేస్తాడు. ఇంకా ఒక్కసారి కూడా ఓడిపోలేదు.

కేంద్రం తెరవడానికి నెల ముందు ఒక మధ్యాహ్నం, ఇసుకబల్ల దగ్గర పెట్టే బోర్డు మీద ఏం రాయాలో ఆయన్ని అడిగి రాసుకుంటున్నాను. అచ్చు ఎందుకు ఆరాలి నాన్నా అని మామూలుగా అడిగాను. ఆరకపోతే సెమ్మ ఆవిరైపోయి లోపలి నుంచి తన్నేత్తాది, ఇనుము మీద పడతాది అన్నాడు. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఇన్నేళ్ళు తడి కొలిచే యంత్రాలు చేస్తూ తిరిగినదాన్ని, ఈ ఒక్క తడి గురించి ఎన్నడూ ఆలోచించలేదు. ఆలోచించకూడదనే ఆలోచించలేదేమో.

"నాన్నా, ఆ రోజు అచ్చులో పసుపుచెయ్యి నొక్కింది నేనే."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"మర్నాడు పొద్దున్నే. ఇంతే ఉంది సెయ్యి, పిల్లసెయ్యని తెలీదేటి. ఏలెట్టి సూసేను. సెమ్మ అలాగే ఉంది."

"మరి గీకేయలేదేం?"

నాన్న జల్లెడ పట్టడం ఆపలేదు. "ముందురోజు అన్నీ తుడిపించీసినాడు గదా. అదొక్కటీ మిగిలింది. అదీ నా సేత్తోనే తుడవాలేటి? మూత ఏసీసేను." జల్లెడ దులిపి, "మీ అమ్మకి సెప్పకు" అన్నాడు.

చెప్పలేదు. అమ్మ తెలుగు చదవదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు బాగా ఏడ్చాను. ఏడుపు ఆగాక, కోపం ఏమైనా తగ్గిందా అని లోపల తడిమి చూసుకున్నాను. వెంట్రుకవాసి తగ్గలేదు. నాన్న వేళ్ళు కాల్చింది నేనే, సరే. ఆయనంతట ఆయన తెలిసి కాల్చుకున్నాడు, అదీ సరే. కానీ ఒక్క బొట్టు మిగుల్చుకోవడం కోసం చెయ్యి కాల్చుకోవలసిన స్థితికి మా నాన్నను తెచ్చింది ఎవరు? న్యాయంగా లెక్కవేస్తే తప్పులో నాకూ వాటా ఉంటుంది. న్యాయంగా ఆలోచించే ఓపిక నాకు అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు.

బొడోబాబు భవానీపూర్‌లో కొడుకు ఇంట్లో ఉంటున్నాడని పాత గుమాస్తా ఒకాయన ముందే చెప్పి ఉంచాడు. సందేశ్ మిఠాయి పొట్లం పట్టుకుని మెట్రోలో వెళ్ళాను. ఎనభై దాటిన మనిషి, కళ్ళకు శుక్లాలు తీయించుకుని, శుభ్రంగా, మర్యాదగా ఉన్నాడు. మీ కార్ఖానాలో అచ్చుల పని చేసిన ఆయన కూతుర్ని అన్నాను. "ఓ, మన మద్రాసీ మిస్త్రీలు" అని మురిసిపోయాడు. ఎవరని అడగలేదు. తొమ్మిదేళ్ళ మనవరాలు తన రోబో డబ్బా తెచ్చి చూపించింది. విశ్వకర్మ పూజ నాడే మా కేంద్రం తెరుస్తున్నామని, ముఖ్య అతిథిగా మీరే రావాలని చేతులు జోడించాను. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాళ్ళ కోడలు ఇచ్చిన టీ తాగి, కప్పు బల్ల మీద పెట్టి, లోపల నవ్వుకుంటూ మెట్లు దిగాను.

నా పన్నాగం ఇది. ముఖ్య అతిథి మా ఆచారం ప్రకారం పదకొండు యంత్రాలకూ తన చేత్తో పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాలి. పాత పనివాళ్ళూ వాళ్ళ కుటుంబాలూ చుట్టూ నిలబడి చూడాలి. రెండో బొట్టుకో మూడో బొట్టుకో ఆయనకు గుర్తురావాలి. గుర్తొచ్చి, చెయ్యి వణికి, తప్పించుకోలేక మిగతావి పెట్టాలి. ఆ మొహం నేను చూడాలి. ఈ సంగతి అమ్మకు ఒక్కదానికే చెప్పాను. మొత్తం విని, "నాను రాను. ఆ గేటు దాటను" అని పప్పు రుబ్బుకోవడానికి వెళ్ళిపోయింది.

పూజ రోజు జనం బాగా వచ్చారు. లిలువా నుంచే కాదు, బడ్జ్ బడ్జ్ జనపమిల్లుల దగ్గరి తెలుగువాళ్ళు కూడా పిల్లల్ని తీసుకుని వచ్చారు. నేను అటూ ఇటూ పరుగెత్తుతుండగా, ముగ్గుల యంత్రం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో అమ్మ కనిపించింది. జరీ అంచు చీర కట్టుకుంది. ఎప్పుడు వచ్చిందో, గేటు ఎలా దాటిందో నేను చూడనే లేదు.

బొడోబాబు మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చాడు. శాలువా కప్పాం. మైకు తీసుకుని చాలాసేపు మాట్లాడాడు. ఈ షెడ్డు తన చేతుల మీదుగా నడిచిందట. పూజ రోజు గేట్లు బార్లా తెరిచి పనివాళ్ళ కుటుంబాలన్నిటినీ లోపలికి పిలిచే సంప్రదాయం తనే కాపాడాడట. మనమంతా ఒకే సంసారం అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

తర్వాత బొట్లు. నేను పళ్ళెం పట్టుకుని వెంట నడిచాను. మొదటిది పెట్టాడు, చెయ్యి వణకలేదు. రెండోది, మూడోది. నాలుగోదానికి మనవరాలి వేలు పట్టి అద్దించాడు, అందరూ ఫోటోలు తీశారు. పెరట్లోకి నడిచి చెరువుగట్టు మీది చక్రాల యంత్రానికి కూడా వంగి బొట్టు పెట్టి, మళ్ళీ లోపలికి వచ్చి, చేతులు దులుపుకుని, ఎంత మంచి ఆచారం అన్నాడు. ఆయనకేమీ గుర్తురాలేదు. మూడేళ్ళు కష్టపడి, షెడ్డు బాగుచేసి, పదకొండు యంత్రాలు కట్టి, నేను ఆ మనిషికి సన్మానం చేశాను. పళ్ళెం విసిరికొట్టాలనిపించింది. ఇంతకన్నా తెలివితక్కువ పగ ఈ భూమ్మీద ఎవరూ తీర్చుకుని ఉండరు.

అమ్మ కుర్చీలోంచి లేచింది. ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది. ముప్ఫై ఏళ్ళు బజార్లో కూరగాయలు అమ్మిన మనిషి, బెంగాలీ నాకన్నా బాగా మాట్లాడుతుంది.

"ఎబార్ మూఛే దిన్" అంది. ఇంక తుడిచేయండి అని.

ఆయన సరదా అనుకున్నాడు. "పూజ పూట బొట్లు ఎవరైనా తుడుస్తారా మాశీ?" అన్నాడు, పిన్నీ అని వరస కలుపుతూ.

"నేను తుడిచాను. మీరు తుడవమన్నారు, ఇక్కడే, ఈ గోడ పక్కనే" అంది అమ్మ. గొంతు కూడా పెంచలేదు.

ఆయన అమ్మ మొహంలోకి చూశాడు. తర్వాత ఇసుకబల్ల దగ్గర నిలబడి ఉన్న నాన్నవైపు చూశాడు. కొత్తవాళ్ళ ముందు నాన్న ఎడమచెయ్యి ఎప్పుడూ వెనక్కి పెట్టుకుంటాడు. ఆ రోజు పెట్టుకోలేదు. ఆ చెయ్యి చూశాక బొడోబాబు మొహంలో నవ్వు పోయింది. ఏం గుర్తొచ్చిందో, ఎంత గుర్తొచ్చిందో నాకు తెలియదు. చుట్టూ ఉన్నవాళ్ళలో సగంమంది ఆనాటి వాళ్ళే. వాళ్ళకు ఎవరూ ఏమీ విడమరచి చెప్పనక్కర్లేదు. ఒక్కరు కూడా, పోనీలే అనలేదు.

నిజం చెప్పాలంటే అప్పుడు భయపడింది నేనే. తెరిచిన రోజే మన యంత్రాల బొట్లు తుడిచేస్తే ఎంత అశుభం అనిపించింది. "అమ్మా, మన మిషన్లే" అన్నాను మెల్లగా. "తెలుసులే" అంది, నావైపు తిరగకుండా.

"దాదూ, నువ్వేం చేశావు?" అని మనవరాలు అడిగింది. ఆయన జేబులోంచి రుమాలు తీశాడు. ముగ్గుల యంత్రం ముందు వంగి తుడిచాడు. కుంకుమ పోకుండా ఎర్రగా అంతటా అలుముకుంది. మళ్ళీ తుడిచాడు. ఈసారి చెయ్యి బాగా వణికింది, నేను చూశాను, కళ్ళారా చూశాను, కడుపు చల్లబడింది. రెండో యంత్రం దగ్గరికి వెళ్ళేసరికి ఆ పిల్ల తాతకు సాయం చేద్దామని గౌను అంచు పట్టుకుని ముందుకు వచ్చింది. అమ్మ చటుక్కున దాని మణికట్టు పట్టుకుని తన పక్కకు లాక్కుంది.

"నువ్వొద్దమ్మా. ఆడపిల్లవి. ఆయన్నే తుడవనీ" అంది.

ఆయన ఒక్కొక్కటే తుడుచుకుంటూ వెళ్ళాడు. చెరువుగట్టు మీది యంత్రం కోసం చెప్పులతోనే బురదలోకి దిగాడు. అమ్మ పిల్ల చెయ్యి వదల్లేదు. పదకొండోది తుడిచేదాకా కుర్చీలో కూర్చోలేదు.